దొర ఎడమ పక్క

“చేతులు చూపించు.”

యువరాజ్ కదల్లేదు. లాకప్ గోడకు వీపు ఆనించి, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. రెండు రాత్రుల్లోనే ముసలివాళ్లు కూర్చునే పద్ధతి వచ్చేసింది.

“నేను మొకం చూసి బేరం చేసేవాణ్ణి కాదబ్బీ. ఎద్దును కొన్నా కాళ్లు చూసే కొన్నా. చూపించు.”

సిద్దప్ప పుంగనూరు సంతలో ఇరవై ఏళ్లు పశువుల దళారి. మోకాళ్లు అరిగి సంతలో తిరగలేక, మదనపల్లెలో మేడమీద ఒక గది తీసుకుని ‘ప్రైవేటు విచారణలు’ అని బోర్డు తగిలించాడు. ఊళ్లో నవ్వారు. అతనికి మాత్రం వ్యాపారం మారినట్టు అనిపించలేదు. అమ్మేవాడు ఏ లోపం దాస్తున్నాడో పట్టుకోవడమే అప్పుడూ పని, ఇప్పుడూ పని.

నిన్న యువరాజ్ అక్క అంబిక వచ్చి, “మామా, బాక్సింగు నేర్పిన పైక్ దొరను వాడు చంపలేదు” అని ఏడ్చింది. ఏడుస్తూ చెప్పిన మాటకు సిద్దప్ప విలువ కట్టడు. “ఆ సాయంత్రం యాడికి పోయినాడో నాకు గూడా చెప్పడం లేదు” అంది ఆ తర్వాత. దానికి కట్టాడు. చంపినవాడి దగ్గర ఏదో ఒక కథ తయారుగా ఉంటుంది. కథే లేనివాడు ఇంకేదో దాస్తున్నాడని అర్థం.

యువరాజ్ చివరికి చేతులు చాపాడు. సిద్దప్ప పిడికిళ్లు మూయించి, కణుపులు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాడు. వాపు లేదు. తోలు లేవలేదు. కుర్రాడు మూలగలేదు. చొక్కా చేతి మడత దగ్గర మాత్రం తెల్లగా ఏదో పెచ్చు కట్టి ఉంది. సిద్దప్ప గోరుతో గీరి నాలిక మీద వేసుకున్నాడు.

“మైదా. పోస్టర్లు యాడ అంటించినావు?”

యువరాజ్ తల పైకెత్తాడు. కటకటాల అవతల నిలబడ్డ సి.ఐ. భీమరావు కూడా.

“కుప్పంలో” అన్నాడు యువరాజ్. “సినిమా హాలు రామచంద్ర పందెం పెట్టినాడు మామా. దొరతో నేను ఆడాలని. దొర ఒప్పుకోలేదు. నువ్వు భయపడతాండావు దొరా అని అందరి ముందరా అరిసినాను. అది నిజమే. అరిసి, బస్సెక్కి కుప్పం పోయి, రేత్రంతా పోస్టర్లు అంటించినాను. తిరిగొచ్చేటప్పుడు రామకుప్పం దగ్గిర రోడ్డు మీదికి ఏనుగులొచ్చినాయి. బస్సు కదల్లేదు. పుంగనూరులో దిగేటప్పటికి బస్టాండులో పోలీసులుండారు.”

“ఈ మాట ముందే చెప్పుంటే ఏం పోయె?”

“ఏమని చెప్పేది? ఆ పోస్టరు మీద ఏం రాసుండాదో తెలుసునా నీకు? ‘ఓటమి ఎరుగని దొరను ఓడించే మొనగాడు’ అని నా బొమ్మ. ఆయన పానం పోతా ఉంటే నేను ఆయన ఓడిపోతాడని గోడలకి మైదా పూస్తాండాను. అది చెప్పేదానికంటే కొట్టినానని ఒప్పుకునేదే మేలు.”

భీమరావు నవ్వాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. “బాగుందయ్యా సిద్దప్పా. సాక్షులుగా ఏనుగుల్ని పిలుద్దామా?”

“బస్సు డ్రైవరు చాలు సార్.”

“డ్రైవర్ని రేపు చూద్దాం. ఇవాళ మూడింటికి నా జీపు మదనపల్లె కోర్టుకు బయల్దేరుతుంది. హత్య కేసు. ఒకసారి కాగితం మీదికి ఎక్కితే ఆ మాట దిగడానికి ఎన్నేళ్లు పడుతుందో నీకూ తెలుసు.” వాచీ చూసుకున్నాడు. “నాకూ దొర అంటే గౌరవమే. మా అబ్బాయి అరుణ్ కుమార్ కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. వాడొకడు, బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, సాయంత్రం కట్టు మార్పించాలి. కాబట్టి నీ సరదా త్వరగా తీర్చుకో. దొర షెడ్డు చూడాలన్నావుగా? పద.”

సిద్దప్ప లేచాడు. ఉచితంగా దొరికిన అనుమతిని అతను ఎప్పుడూ నమ్మలేదు. అయినా వదులుకోలేదు.

*

పుంగనూరు పొలిమేరలో పాత పట్టుగూళ్ల షెడ్డు అది. మధ్యలో దొర బాక్సింగు నేర్పే బరి, నాలుగు గుంజలకు మూడు వరసల తాళ్లు. పక్కన దొర పడుకునే గది. గది గోడ మీద ఫోటోలు.

వాల్టర్ పైక్ కథ ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ఇంగ్లండులో పిండిమరలో మూటలు మోస్తూ, పదిహేడో ఏట బాక్సింగు గోదాలోకి దిగాడు. ముప్పై ఒక్క ఆటలు ఆడాడు. ముప్పై ఒకటీ గెలిచాడు. ఒక్కసారి కూడా అతని వీపు నేలకు తగల్లేదు. చాంపియన్ పట్టానికి ఆడవలసిన ఆట ఇంకో నెలలో ఉందనగా, కారణం చెప్పకుండా చేతి తొడుగులు విప్పి ఆట మానేశాడు. వాళ్ల దేశం పత్రికలు పిరికివాడన్నాయి. మిషను ఆసుపత్రిలో బండి నడిపే ఉద్యోగానికి ఈ దేశం వచ్చి, ఈ పక్కనే ఉండిపోయాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1998లో, ఇక్కడి పిల్లలకు అతను ‘ఓడిపోని దొర’. పిరికివాడన్న మాట ఓడ ఎక్కలేకపోయింది, గెలుపు మాత్రం ఎక్కి వచ్చింది.

చివరి ఫోటో దగ్గర సిద్దప్ప ఆగాడు. ముప్పై ఒకటో ఆట. రిఫరీ దొర చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. దొర ఎడమ కన్ను కమిలి, గుడ్డు కనబడకుండా మూసుకుపోయి ఉంది. దాని తర్వాత ఫోటోల్లేవు.

“బొమ్మల కొలువు అయిందా?” అన్నాడు భీమరావు.

సిద్దప్ప జవాబివ్వకుండా గది చుట్టూ చూశాడు. కుర్చీ ఎడమ చెయ్యి గోడకు ఆనుకుని ఉంది. అందులో కూర్చుంటే నీళ్ల కూజా కుడి పక్క. దీపం కుడి పక్క. కిటికీ కుడి పక్క. ఎడమ పక్కకు వచ్చే తలుపుకు అడ్డంగా బీరువా నెట్టి మూసేశారు. ఎడమ వైపునుంచి మనిషి రావడానికి దారి లేదు.

అతనికి ఒక సంత రోజు గుర్తొచ్చింది. దొర పుంగనూరు పొట్టి ఆవును కొనడానికి వచ్చాడు. పశువుకు చూపు ఉందో లేదో తెలుసుకోవడానికి దళారులు కంటి పక్కన తువ్వాలు కొస విదిలిస్తారు. ఆ రోజు సిద్దప్ప ఆవు కోసం విదిలించిన తువ్వాలు దొర ఎడమ చెంప పక్కనుంచి పోయింది. ఆవు రెప్ప కొట్టింది. దొర కొట్టలేదు. సిద్దప్ప ఏమీ అనలేదు. నలుగురిలో ఇంకొకడి సరుకు లోపం ఎత్తి చూపడం దళారి మర్యాద కాదు.

“సార్, దొరకు ఎడమ కన్ను లేదు.”

“ఏం మాట్లాడుతున్నావు? బాక్సింగు నేర్పే మనిషికి కన్ను లేకపోవడమేమిటి?”

“ఆ ఆఖరి ఆటలో పోయింది. ఆడితే ఇంకొకడు ఆ పక్కనుంచి పడగొడతాడని తెలుసు. అందుకే ఓడిపోకముందే అంగడి మూసేసినాడు. కారణం చెప్తే ఓడిపోని పేరు పోతుంది, చెప్పకపోతే ధైర్యం పేరు పోతుంది. ఆయన రెండోది పోగొట్టుకున్నాడు.” సిద్దప్ప బీరువాను తట్టాడు. “ముప్పై ఏళ్లు ఈ పక్కను దాచుకున్నాడు. దెబ్బ ఆ పక్కనే పడింది. ఎడమ కణతకు అని మీ పంచనామాలోనే ఉండాది. ముప్పై ఒక్క ఆటల్లో మొకానికి అడ్డం పెట్టిన చేతులు దించని మనిషి చెయ్యెత్తలేదు. రావడం కనబడలేదు గాబట్టి.”

“అయితే మరీ మంచిది. ఆ రహస్యం రోజూ పక్కనుండే శిష్యుడికే తెలుస్తుంది. యువరాజ్‌కు.”

“శిష్యులు ఇంకా ఉండారు గదా సార్.”

మాట మెల్లగా అన్నాడు. భీమరావు పట్టించుకోలేదు.

“సరే, ఇది చూడండి. తొడుగులన్నీ ఆ పెట్టెలో ఉండాయి. తాళంచెవి దొర మెడలోనే ఉందని పంచనామాలో మీరే రాసినారు. అంటే కొట్టినవాడు ఉత్త చేత్తో కొట్టినాడు. కణత ఎముక మీద ఉత్త పిడికిలితో అంత గట్టిగా కొడితే కొట్టినవాడి చెయ్యి మిగలదు. ఇది దొర ఇక్కడ మొదటిరోజే చెప్పే పాఠం, సంతలో మాకు గూడా చెప్పినాడు. యువరాజ్ కణుపులు మీ ముందరే నొక్కినాను. నున్నగా ఉండాయి.”

భీమరావు సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు. వెలిగించడం మరిచిపోయాడు.

“రాయితో కొట్టి ఉండొచ్చు” అన్నాడు.

“రాయి అయితే తోలు చీలుతుంది. చీలలేదని మీ డాక్టరే రాసినాడు. ఇంకేం రాసినాడు?”

భీమరావు కాగితం తీసి, అయిష్టంగా చదివాడు. మెదడులో నెత్తురు గడ్డ. దెబ్బ తగిలాక గంటో, అంతకంటే కొంచెం ఎక్కువో బతికాడు. నోట్లో ఆకు ముక్క, చొక్కా కాలరు తడి.

“ఆకా? ఏం ఆకు?”

“నాకేం తెలుసు? ఏదో కూర తిని ఉంటాడు.”

“శవం యాడ ఉండె?”

“ఇక్కడే, మంచం పక్కన, చాప మీద. కొట్లాటలో పడిపోయాడు.”

సిద్దప్ప నులక మంచం మీద చెయ్యి వేశాడు. దుప్పటి ఒక మూల పక్కకు లాగినట్టు నేలదాకా జారి ఉంది. “పడేవాడు చాప పరుచుకుని పడతాడా సార్?”

భీమరావు మంచం నుంచి చాప దాకా చూశాడు.

“ఈ మంచం మీద పడుకున్నాడు. పానం పోయే టైముకు ఎవురో ఆయన్ని కిందికి దించినారు. చాప పరిచి దించినారు. నోట్లో తులసాకు వేసి నీళ్లు పోసినారు. దొరలు చేసే పనేనా ఇది? మంచం మీద పానం పోకూడదని మీ పక్క గూడా అనుకుంటారు గదా.”

“అనుకుంటాం” అన్నాడు భీమరావు. మొదటిసారి గొంతులో ఇస్త్రీ మడత నలిగింది. “మా నాన్నను నేనే దించాను.”

“చంపినవాడు తీర్థం పొయ్యడు సార్. పోసినవాళ్లకు చంపినవాడెవురో తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నారంటే, చెప్పేదానికి భయం ఉండాది.”

*

షెడ్డు వెనక అంజమ్మ ఇల్లు. దొరకు పదిహేనేళ్లుగా వంట చేసి పెట్టే మనిషి. తెల్లారి సంగటి తీసుకొచ్చి, దొర నేల మీద పడి ఉండటం చూసి కేక పెట్టానని పోలీసులకు చెప్పింది. వాకిట్లో పగిలిన కుండలో తులసి చెట్టు. కొన కొమ్మ తుంచి ఉంది.

వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. సిద్దప్ప గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు. భీమరావు వాకిలి దగ్గర నిలబడ్డాడు. జీపు పక్కన కానిస్టేబులు బీడీ తాగుతున్నాడు.

“రెండు రోజులుగా పొయ్యి ఎలిగించలేదా అక్కా?”

“ఎవురికని ఎలిగించేది?” అంజమ్మ తల తిప్పలేదు.

“దొర క్రిస్టియన్ గదా. తులసి తీర్థం ఏల పోసినావు?”

సిద్దప్ప తొందరపడలేదు. అమ్మనని మొండికేసిన రైతు దగ్గర దళారి ధర పెంచడు, పక్కన కూర్చుంటాడు.

“నేను తెల్లారినాకనే పోయినాను.”

“మూడింటికి యువరాజ్‌ను కోర్టుకు తీసుకుపోతాండారు. దొరను వాడే చంపినాడని. నువ్వు తెల్లారే పోయుంటే వాడే చంపినట్టు. ఎప్పుడు పోయినావో ఇంకోసారి చెప్పు.”

“వాడా!” అంజమ్మ గిరుక్కున తిరిగింది. “వాడు ఉత్త అరుపుల గొడ్డు నాయాలు. అరిసినాడు, ఏడిసినాడు, పోయినాడు. వాడు పోయినాక దొర ఏమన్నాడో తెలుసునా? నాలోని రోసం వాడికొచ్చింది అంజమ్మా, నాలోని బుద్ధి ఇంగా రాలేదు అని నగినాడు.”

“ఆ తర్వాత?”

ఆమె వాకిలి వైపు చూసింది. మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. గొంతు తగ్గింది.

“దీపాలు పెట్టే యాళకు ఇంకొక పిల్లోడొచ్చినాడు. నేను వాకిట్లో బియ్యం ఏరుకుంటాండాను, షెడ్డు లోపల అంతా అగుపిస్తాండాది. వాడు నగతాండాడు. ఒక్క దెబ్బ దొరా, ఒక్కటే, ముప్పై ఒక్కమంది చేతగాలేదంట గదా అని. దొర ఇంటికి పో అన్నాడు. చేతులు ఎనక్కి కట్టుకోని నిలబడుకున్నాడు. వాడు ఇట్లా, పక్కకు జరిగినాడు. దొరకు ఆ పక్క అగుపించదని వాడికి తెలుసు. ఎట్ల కనిపెట్టినాడో ఏమో. దబ్బుమని సద్దు. నేను పరిగెత్తి పోయినాను.”

“దొర పడిపోయినాడా?”

“పడలేదు!” అంజమ్మ నేలను చరిచింది. “ఒక మోకాలు ఆన్చినాడు, అంతే. ఆడ కూర్సోని ఆయనే లెక్కబెట్టుకుంటాండాడు. వన్, టూ అని. పిల్లోళ్లకు చెప్తాడు గదా, పది లోపల లేస్తే ఓడిపోనట్టే అని. నైన్ అన్నాడు. లేసి నిలబడుకున్నాడు. నా తట్టు సూసి, అంజమ్మా, నేను పడలేదు, ఎవురికీ చెప్పొద్దు అన్నాడు. ఆయనే నడిసిపోయి మంచం మీద పండుకున్నాడు. తలనొప్పి అన్నాడు. డాక్టరు దగ్గిరికి పోదాం దొరా అంటే నా చెయ్యి పట్టుకోని వదల్లేదు. డాక్టరొస్తే ఎవురు కొట్టినారని అడుగుతాడంట. కొట్టించుకున్నట్టు తెలుస్తాదంట.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

సిద్దప్ప మనసులో కూడికలు తీసివేతలు జరిగిపోయాయి. ముప్పై ఒక్క గెలుపుల కోసం ఒక కన్ను. కన్ను దాచినందుకు ఒక దేశం. ముప్పై రెండోసారి నిలబడ్డందుకు ప్రాణం. ఆ ప్రాణం పోకుండా ఆపగలిగిన గంటసేపు, పేరు కోసం నోరు మూసుకోవడానికి ఖర్చయిపోయింది. ఇప్పుడు ఆ పేరే యువరాజ్ మెడకు తాడు. ఇంత నష్టపు బేరం అతను ఏ సంతలోనూ చూడలేదు.

“ఆ పిల్లోడు ఏమైనాడు అక్కా?”

“పారిపోయినాడు. కుడి చెయ్యి సంకలో పెట్టుకోని, అమ్మా అమ్మా అని ఏడుస్తా పోయినాడు.”

“ఎవురు వాడు?”

అంజమ్మ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, సిద్దప్పను దాటి వాకిలి దాకా నడిచింది. భీమరావు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. ఇంటికొచ్చిన పెద్దమనిషిని క్షేమం అడిగే గొంతుతో అడిగింది.

“సామీ, మీ అరుణ్ బాబుకు చెయ్యి వాపు తగ్గిందా?”

భీమరావు ముఖంలో సిద్దప్ప ఆశ్చర్యం కోసం వెతికాడు. కనబడలేదు. రెండు రోజులుగా కొడుకును అడగకుండా అట్టిపెట్టుకున్న ప్రశ్న ఒకటి ఆ ముఖంలో ఉంది. బండికి గీత పడలేదని, మోకాలు దోక్కుపోలేదని, చెయ్యి మాత్రమే విరిగిందని చూసి కూడా అడగని ప్రశ్న.

వెలిగించని సిగరెట్టు అతని పెదవుల మధ్యనుంచి జారి పడింది.

“ఈ మాట ఇంకెవరికి చెప్పావు అంజమ్మా?”

“ఎవురికీ లేదు సామీ. మీకే.”

సిద్దప్ప కళ్లు మూసుకున్నాడు. వేరే బేరగాడు లేడని కొనేవాడికి ఎన్నడూ చెప్పకూడదు.

భీమరావు జీపు వైపు తిరిగాడు. “స్టేషనుకు వెళ్లి కుర్రాణ్ణి ఎక్కించుకో. కోర్టుకు టైమవుతోంది. నేను తర్వాత వస్తా” అని కానిస్టేబులుకు కేక వేశాడు. గొంతు మామూలుగానే ఉంది. జీపు కదిలిన శబ్దం, రోడ్డెక్కిన శబ్దం, తర్వాత ఏమీ లేదు. అతను లోపలికి వచ్చి, తలుపు మూసి, గడియ పెట్టాడు.

చీకటైన వంటింట్లో అంజమ్మ వెనక్కి జరిగి పొయ్యికి తగిలింది. సిద్దప్ప అరిగిపోయిన మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా, దమ్ము పట్టి లేచి నిలబడ్డాడు.

“ఆమె ఎవురికీ చెప్పలేదు సార్” అన్నాడు. “నేను చెప్పినాను.”

“ఎవరికి?”

సిద్దప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు అతనికే ఇప్పుడు తెలిసింది. చేతిలో సరుకు లేకుండా ఇంత పెద్ద బేరం అతను ఎన్నడూ చేయలేదు.

“గడియ తియ్యండి. బయట చెప్తాను.”

భీమరావు కదల్లేదు. అతని చెయ్యి గడియ మీదే ఉండిపోయింది, రెండో చెయ్యి నడుంకున్న రివాల్వరు దగ్గరికి దిగుతోంది.